కంపెనోళ్లు ఫోన్ ఎత్తుతలేరు, 58 కుందేళ్లు మీద పడ్డయి. ఏం జెయ్యాలె?

దిండి రైతుబిడ్డ · జులై 6, రాత్రి 9:40

అందరికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర, దిండి రోడ్డు మీద ఊరు. నాలుగెకరాల చెల్క, ఒక్క బోరు. పోయినేడు పత్తి పూత మీదున్నప్పుడు వాన వడి మునిగినం. పక్కకు ఏదన్న ఆమ్దాని ఉండాలె అని అక్టోబర్ల కుందేళ్లు పెట్టిన. ఒక కంపెనీ, పేరు రాస్తలేను. 7 ఆడయి, 3 మగయి కలిపి ఒక యూనిట్ అన్నరు. బోన్లతోని కలిపి యూనిట్‌కు 45 వేలు. నేను మూడు యూనిట్లు తెచ్చిన, అంటే లక్షా 35 వేలు. రెండు కిలోలైతె మేమే వచ్చి బతికున్నదాన్ని కిలో 300 లెక్కన తీస్కపోతం అని కాయితం మీద రాసిచ్చిండ్రు.

ఫిబ్రవరి ఆఖర్ల 30 తీస్కపోయిండ్రు, పైసలిచ్చిండ్రు. నేను ఊరంత చెప్పుకున్న. మార్చిల 22 తీస్కపోయిండ్రు, దాని 13,200 ఇయ్యాల్టి వరకు రాలే. ఏప్రిల్‌ల అడిగితె ఎండకు బండ్లె సస్తయి, ఆగుమన్నరు. మేల సైజు లేదన్నరు. జూన్ నుంచి ఫోనే ఎత్తుతలేరు.

ఇప్పుడు నా దగ్గర ఆడయి 17, మగయి 7, పిల్లలు 58. అండ్ల 41 రెండు కిలోలు దాటినయి. దాణాకే నెలకు ఎనిమిది వేల పైన పోతున్నది. మా ఆమె రోజూ అడుగుతున్నది, ఎప్పుడు తీస్కపోతరు అని. ఎవరికన్న తెలిస్తె చెప్పుండ్రి, ఎక్కడ అమ్మాలె?

చిట్యాల కాకా · జులై 6, రాత్రి 10:15

తమ్మీ, మొదలు ఆ 13,200 మర్చిపో. దానెంబడి తిరిగితె పెట్రోల్‌కు ఇంకో ఐదు వేలు పోతయి.

నేను 2012ల ఈము పక్షుల దందా మునిగినప్పుడు మునిగినోన్ని. అప్పుడు గూడ గిదే కథ. జోడి ఇంత అన్నరు, గుడ్డు మేమే కొంటం అన్నరు. ఆ గుడ్డు ఎవ్వరు తినలే, పొదిగి ఇంకో రైతుకు జోడి అమ్మిండ్రు. కొత్త రైతు దొరికినన్ని రోజులు పాత రైతుకు పైసలొచ్చినయి. నీ 30 కుందేళ్లు యాడికి పోయినయి అనుకుంటున్నవ్? కూరకు పోయినయా? నాకైతె నమ్మకం లేదు. అవి ఇంకెవని షెడ్డులనో యూనిట్ అయి కూసున్నయి.

ఇంకో మాట. యూనిట్‌ల మూడు మగయి ఎందుకిచ్చిండ్రో ఎప్పుడన్న ఆలోచించినవా?

దిండి రైతుబిడ్డ · జులై 6, రాత్రి 10:22

లేదు కాకా. అట్లనే ఉంటది అనుకున్న.

చిట్యాల కాకా · జులై 6, రాత్రి 10:40

ఎనిమిది పది ఆడవాటికి ఒక్క మగది చాలు. నీ 21 ఆడవాటికి మూడు మగయి, ఎందుకన్న మంచిదని ఇంకోటి. నీకు తొమ్మిది అంటగట్టిండ్రు. మగ కుందేలు అమ్ముడువోదు కాబట్టి ఆడవాటి ధరకు నీ నెత్తిన వెట్టిండ్రు. ఒక్కోటి రోజుకు 120 గ్రాముల దాణా తింటది. ఎక్కువున్న ఐదారు మగవాటికే నెలకు ఇరవై కిలోలు, ఆరేడు వందల రూపాయలు. ఎనిమిది నెలల సంది లెక్క కట్టుకో.

జడ్చర్ల అక్క · జులై 7, పొద్దున 6:05

తమ్ముడు, పరేషాన్ గాకు. 41 అంటే పెద్ద లెక్క గాదు. గని జల్ది జెయ్యాలె. ఈ నెలాఖరుకు శ్రావణం వడుతది. శ్రావణం వడంగనే మా దిక్కు సగం ఇండ్లల్ల నీసు బందు. అంతల్నే మూడు ఆదివారాలున్నయి.

నేను డ్వాక్రా లోన్‌తోని మొదలువెట్టి నాలుగేండ్లయింది. 12 ఆడయి, 2 మగయి, గంతే. పెంచలే, పెంచ గూడ పెంచ. ఎందుకంటె వారానికి నాలుగైదు మించి నేను అమ్మలేను. నా దగ్గర కొనేటోళ్లు ఇరవై రెండు ఇండ్లు. టీచర్లు, ఒక బ్యాంకాయన, రైల్వే వాళ్లు, ఇద్దరు డాక్టరమ్మలు. శుక్రవారం రాత్రికి వాట్సప్‌ల ఆర్డర్ తీసుకుంట, ఆదివారం పొద్దుగాల కోసి, కడిగి, ముక్కలు కొట్టి ఎనిమిది లోపల ఇంటికి పంపుత. ఆర్డర్ లేనిది కొయ్య.

బతికున్నది అమ్ముతనంటె ఎవ్వరు కొనరు. ముద్దుగ ఉంటది, ఇంట్ల పిల్లలు ఏడుస్తరు, కొయ్యరానియ్యరు. నువ్వు అమ్మాల్సింది కుందేలు గాదు, కూర ముక్కలు.

దిండి రైతుబిడ్డ · జులై 7, పొద్దున 6:30

అక్కా, కిలో ఎంతకిస్తున్నవ్? లెక్క కొద్దిగ చెప్పు, నాకు అసలు మిగులుతదా లేదా సమజైతలేదు.

జడ్చర్ల అక్క · జులై 7, మధ్యాహ్నం 2:10

చెప్త, దాచేదేముంది. (ఇప్పుడే గడ్డేసి వచ్చిన.)

రెండు కిలోల కుందేలు కోస్తె కిలో, కిలో మీద యాభై వంద గ్రాములు కూర వస్తది. సగమే అనుకో. నేను కిలో 500కు ఇస్తున్న. ఆ రెండు కిలోలు రావడానికి మూడున్నర నెలలు, ఐదారు కిలోల దాణా. దాణా కిలో ముప్పై రెండు నాకు. అంటె 175 దాక. ఇంక తల్లి తిన్నది ఎవరి లెక్కల రాయాలె? తల్లి ఏడాదికి 44 కిలోలు తింటది, 1,400 రూపాయలు. ఏడాదికి ఒక తల్లి నుంచి 20 అమ్ముకుంటున్న, అంటె పిల్లకు 70. మందులు, కరెంటు, ఐసు, కవర్లు కలిపి ఇంకో 35. మొత్తం 280. నాకు మిగిలేది 220. ఏడాదికి 240 కుందేళ్లు అమ్ముత, నెలకు నాలుగు వేలు, నాలుగు వేల నాలుగు వందలు. పొద్దున గంట, సాయంత్రం గంట పని.

కంపెనోడు నీకు ఏం జెప్పిండు? ఏడాదికి ఏడు ఈతలు, ఈతకు ఎనిమిది, 56 పిల్లలు అని జెప్పి ఉంటడు. కాయితం మీద ఈనుతయి అవి. మన ఎండకు నాలుగు ఈతలు, బాగుంటె ఐదు. ఆరు పుడితె నాలుగు చేతికొస్తయి.

మిర్యాలగూడ తవుడు · జులై 7, రాత్రి 8:55

దాణా కిలో 32 పెట్టి ఎందుకు కొంటుండ్రు? మా దగ్గర రైస్ మిల్లుల తవుడు ఎంత కావాలంటె అంత. నేను కలిపేది: మక్కలు 30 కిలోలు, గోధుమ పొట్టు 30, తవుడు 15, పల్లి చెక్క 22, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. క్వింటాలుకు మస్తు తేడా వస్తది. దుమ్ము లేవకుండ కొద్దిగ నీళ్లు సల్లి పెట్టాలె, లేకుంటె ముక్కులకు పోయి తుమ్ముతయి.

డాక్టర్ గారు (రిటైర్డ్) · జులై 7, రాత్రి 9:30

పై మిశ్రమం మోస్తరుగా బాగానే ఉంది. రెండు జాగ్రత్తలు చెప్తాను. పల్లి చెక్కకు బూజు ఉంటే వాడొద్దు. బూజు నుంచి వచ్చే విషం అఫ్లాటాక్సిన్‌ను కుందేలు అస్సలు తట్టుకోదు, కాలేయం పోతుంది. వానాకాలంలో చెక్కను గోడకు ఆనించి, నేల మీద నిల్వ చేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఇంకోటి, మన పాలమూరు, నల్లగొండల్లో ఆముదం చెక్క చవకగా దొరుకుతుందని కలిపేవారిని చూశాను. అది ఎరువుకే, మేతకు కాదు. విషం.

తవుడు ఎండాకాలంలో వారం దాటితే ముక్కిపోతుంది. తాజాది తెచ్చుకోండి.

పచ్చిమేత పెంచితే దాణా ఖర్చు బాగా తగ్గుతుంది. దశరథ గడ్డి, లూసర్న్, మునగాకు, అవిశ ఇవన్నీ మంచివే. బోరు కింద పది గుంటల్లో దశరథ గడ్డి వేసుకుంటే ఇరవై తల్లులకు ఇబ్బంది ఉండదు. పల్లీ కట్టె కూడా వేయొచ్చు, మట్టి దులిపి. సుబాబుల్ ఒక్కటే మేపితే బొచ్చు ఊడుతుంది, అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది. పొద్దున మంచు తడితో కోసిన గడ్డి అట్లాగే వేస్తే కడుపు ఉబ్బుతుంది. ఒక పూట నీడలో వాడనిచ్చి వేయండి.

రైతుబిడ్డ గారూ, మీ 21 ఆడవి 17 అయ్యాయన్నారు. నాలుగు ఎట్లా పోయాయి?

దిండి రైతుబిడ్డ · జులై 8, రాత్రి 9:05

సార్, రెండు ఎండకు పోయినయి. మే నెలల, పగటీలి రెండింటికి. రేకుల షెడ్డు. పొద్దున మంచిగనే తిన్నయి. నేను బాయి కాడికి పోయి వచ్చేవరకు చెవులు చాపి, నోరు తెర్సుకొని బోర్ల వడ్డయి. చెవి ముట్టుకుంటె పెనం లెక్క కాలుతున్నది. నీళ్లు పోసిన, లాభం లేకపోయింది.

ఇంకో రెండు నా తప్పే సార్. తుమ్ముతున్నయని మెడికల్ షాపుల అడిగితె అమాక్సిసిలిన్ పొడి ఇచ్చిండు, పిల్లలకిచ్చేదే. నీళ్లల్ల కలిపి తాగిపించిన. తుమ్ములు తగ్గినయి. మూడో రోజు పారుడు వట్టింది, వెనక కాళ్లన్ని తడి. నాలుగో రోజుకు రెండు తల్లులు, ఐదు పిల్లలు.

డాక్టర్ గారు (రిటైర్డ్) · జులై 8, రాత్రి 10:20

ఇది చాలామంది చేసే తప్పు, కాబట్టి వివరంగా రాస్తాను.

కుందేలు కడుపు బర్రె కడుపు లాంటిది కాదు, మన కడుపు లాంటిది కూడా కాదు. దాని పెద్దపేగు మొదట్లో ఒక పెద్ద సంచి ఉంటుంది. గడ్డిని అక్కడ సూక్ష్మజీవులు పులియబెడతాయి. రాత్రిపూట ఆ సంచిలోంచి మెత్తటి పెంటికలు వస్తాయి, వాటిని కుందేలు నేరుగా నోటితో తీసుకుని తినేస్తుంది. అది రోగం కాదు, విటమిన్లు దానికి అట్లానే అందుతాయి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, లింకోమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే ఆ సంచిలోని మంచి జీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, విషం తయారవుతుంది. మూడు నాలుగు రోజుల్లో పారుడుతో పోతుంది. మీ దగ్గర జరిగింది అచ్చం అదే.

తుమ్ములకు అసలు కారణం మూత్రం వాసన అయి ఉంటుంది. షెడ్డులోకి వంగి, బోను ఎత్తులో ముఖం పెట్టి ఊపిరి పీల్చండి. మీ కళ్లు మండితే వాటి ముక్కులు ఇప్పటికే దెబ్బతిన్నట్టు. కింద సున్నం చల్లి, వారానికి రెండుసార్లు పెంట తీయాలి.

చెవుల్లో పొరలు పొరలుగా పొక్కు కట్టి, తల గోక్కుంటూ ఉంటే అది గజ్జి పురుగు. పొక్కు పీకొద్దు. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చర్మం కింద, మీ మండల పశువైద్యుడితో వేయించండి, మోతాదు తూకాన్ని బట్టి ఉంటుంది. కుక్కల గోమార్లకు మెడ మీద పోసే ఫిప్రోనిల్ మాత్రం కుందేలుకు వాడొద్దు, ప్రాణం తీస్తుంది. నెలన్నర రెండు నెలల పిల్లలు పొట్ట ఉబ్బి చిక్కిపోతుంటే కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవుల రోగం) అనుమానించి పెంట పరీక్ష చేయించండి.

ఎండ సంగతి తర్వాత రాస్తాను, అది పెద్ద కథ.

హైవే ధాబా · జులై 9, మధ్యాహ్నం 3:40

నక్రేకల్ దగ్గర విజయవాడ హైవే మీద మాది చిన్న ధాబా. రైతులు అప్పుడప్పుడు అడుగుతరు, కుందేలు పెట్టరాదా అన్నా అని. పెట్టిన, నాలుగు నెలలు. నా అనుభవం చెప్త.

మొదటి వారం బోర్డు మీద "చెవులపిల్లి ఫ్రై" అని రాయించిన. మన ఊర్లల్ల అందరికి తెలుసు గద అనుకున్న. హైదరాబాద్ నుంచి పోయేటోళ్ల కారు ఆగింది, కుటుంబమంత దిగిండ్రు, పెద్దామె బోర్డు చదివి "ఇక్కడ పిల్లిని పెడతారంట" అని అందర్ని లేపుకపోయింది. మర్నాడు కుందేలు అని మార్పించిన.

రెండో తిప్పలు, మాల్. ఒక వారం పది కిలోలు తెస్తరు, ఇంకో వారం ఫోన్ చేస్తె లేవంటరు. మెనూల రాసుకున్నంక లేదంటె నా ఇజ్జత్ పోతది. ఒకటి కిలోన్నర, ఒకటి మూడు కిలోల ముసలిది. ముసలిది ఎంత ఉడకవెట్టినా చెప్పు లెక్కనే. నాకు కావాల్సింది వారానికి పది కిలోలు, అన్ని ఒకటే సైజు, ఏడాది పొడుగూత. గట్లిచ్చేటోడుంటె నేను ఇప్పటికీ రెడీ. ఇంకోటి, అమ్మేటోనికి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలె. తనిఖీకి వస్తె నేనేం చూపెట్టాలె?

జడ్చర్ల అక్క · జులై 9, సాయంత్రం 6:15

అది కష్టం గాదు. చిన్న వ్యాపారాలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లనే ఐతది, నేను ఏడాదికి వంద రూపాయలు కట్టిన. ఆధారు, ఫోటో, అడ్రస్ చాలు. మీసేవల కూసున్న పిల్లగాడే చేసిచ్చిండు.

పాలమూరు గాలం · జులై 9, రాత్రి 11:50

చిన్నప్పుడు మా తాత వలేసి పట్టిన చెవులపిల్లి కూర తిన్న. దాని రుచే వేరు. ఈ ఫారం కుందేలు సప్పగ బ్రాయిలర్ కోడి లెక్క ఉంటది. తెల్లగ. దీనికి 500 ఎందుకియ్యాలె?

డాక్టర్ గారు (రిటైర్డ్) · జులై 10, పొద్దున 7:00

తమ్ముడూ, మీ తాత పట్టింది, వీళ్లు పెంచేది వేరువేరు జంతువులు. అడవిది చెట్ల కింద, పొదల్లో ఉంటుంది, పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. మాంసం ఎర్రగా ఉంటుంది. ఇది బొరియల జాతి, పిల్లలు బొచ్చు లేకుండా కళ్లు మూసుకుని పుడతాయి, పది పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి. మాంసం తెలుపు. మన దగ్గర పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్ అన్నీ ఈ జాతివే.

అడవి కుందేలును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఫారంది దాని కిందికి రాదు. ఈ తేడా అమ్మేవారికీ తెలియాలి, కొనేవారికీ తెలియాలి.

చిట్యాల కాకా · జులై 10, పొద్దున 8:20

తేడా తెలియకుంటె ఏమైతదో చెప్త. మా సడ్డకుడు కోసిన కుందేళ్లు రెండు సంచిల ఏసుకొని బండి మీద వస్తుంటె చెకింగ్ కాడ ఆపిండ్రు. తోలు తీసినంక ఏదైతేంది, రెండు ఒక్క తీరుగనే ఉంటయి గద. రెండు గంటలు కూసోవెట్టిండ్రు. ఫోన్ల షెడ్డు ఫోటోలు, బోన్ల వీడియో చూపెట్టినంక వదిలిండ్రు. కోసినయి తీస్కపోయేటప్పుడు పంజాలు, చెవులు ఒక కవర్ల పెట్టుకోండ్రి. తెల్ల చెవి చూస్తె ఎవనికైనా సమజైతది.

మిద్దెతోట సైదాబాద్ · జులై 10, మధ్యాహ్నం 1:30

నేను మాంసం తినను గానీ ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. కుందేలు పెంట ఎవరైనా అమ్ముతారా? మిద్దె మీద ఎనభై కుండీలున్నాయి. మేక పెంటికలు వేస్తే కలుపు విత్తనాలు మొలుస్తున్నాయి.

దిండి రైతుబిడ్డ · జులై 10, మధ్యాహ్నం 1:45

మేడం, నా దగ్గర కుప్పలు కుప్పలున్నది. ఎంతకు కొంటరు?

మిద్దెతోట సైదాబాద్ · జులై 10, మధ్యాహ్నం 2:00

ఎండబెట్టి, జల్లించి, ఐదు కిలోల సంచుల్లో తెస్తే సంచికి యాభై ఇస్తాం. మా గ్రూపులో నలభై మంది ఉన్నారు. కానీ తడిగా, మూత్రం వాసనతో తేవద్దు, కింద ఫ్లాట్లవాళ్లతో గొడవ.

జడ్చర్ల అక్క · జులై 10, సాయంత్రం 7:10

ఇగో చూడు తమ్ముడు, నీ కుందేళ్లకంటె ముందు వాటి పెంటికలు అమ్ముడువోయినయి.

కల్వకుర్తి పోరడు · జులై 11, రాత్రి 12:20

అన్నా హైదరాబాద్‌ల మందుల కంపెనీల ల్యాబులు ఒక్కో కుందేలుకు వెయ్యి ఇస్తరంట కదా? జీనోమ్ వ్యాలీల అడిగిండ్రా? ఇంక చర్మం, ఉన్ని గూడ అమ్మొచ్చంట, వీడియోల చూసిన.

డాక్టర్ గారు (రిటైర్డ్) · జులై 11, పొద్దున 6:45

ల్యాబులు ప్రభుత్వ కమిటీ దగ్గర నమోదైన బ్రీడర్ల దగ్గరే కొనాలి. ఆ జంతువుల ఆరోగ్య రికార్డులు, వంశ రికార్డులు, షెడ్డు ప్రమాణాలు వేరే లోకం. రేకుల షెడ్డు నుంచి తీసుకోరు. ఉన్ని అంగోరా జాతికి వస్తుంది, దానికి చల్లటి కొండ ప్రాంతం కావాలి. మన దగ్గర అంగోరా పెట్టమంటే ఆ మనిషిని ఇంట్లోకి రానీయొద్దు. చర్మం శుద్ధి చేయాలంటే వందల్లో కావాలి, నలభై కుందేళ్ల చర్మం ఎవరూ తీసుకోరు.

ఇంట్లో పెంచుకునే కుందేలు పిల్లలుగా హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో అమ్మేవారున్నారు. రంగురంగులవి, చిన్న చెవులవి అడుగుతారు. ఎర్రకళ్ల తెల్లవాటికి అక్కడ గిరాకీ తక్కువ. పెట్ షాపులకు కూడా 2018 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. పాలు విడవని పిల్లను అమ్మితే అది రెండు రోజుల్లో పోతుంది, కొన్న ఇంట్లో పిల్లలు ఏడుస్తారు. ఆ వ్యాపారం నాకు నచ్చదు, నా ఇష్టం వదిలేయండి.

మిర్యాలగూడ తవుడు · జులై 11, పొద్దున 9:10

సబ్సిడీ ఏమన్న వస్తదా సార్?

డాక్టర్ గారు (రిటైర్డ్) · జులై 11, పొద్దున 9:35

ఒకప్పుడు గొర్రెలు, మేకలు, కుందేళ్లు కలిపి నాబార్డ్ ద్వారా సబ్సిడీ పథకం నడిచింది. 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్‌లో కోళ్లు, గొర్రెలు, మేకలు, పందులు, దాణా యూనిట్లకు 50 శాతం ఉంది. 2024లో గుర్రం, గాడిద, కంచరగాడిద, ఒంటె కూడా చేర్చారు.

చిట్యాల కాకా · జులై 11, పొద్దున 9:41

గాడిదకున్నది, కుందేలుకు లేదు. మంచిగున్నది.

డాక్టర్ గారు (రిటైర్డ్) · జులై 12, రాత్రి 8:30

ఎండ సంగతి రాస్తానన్నాను. కుందేలుకు చెమట పట్టదు. వేడిని ఎక్కువగా చెవుల నుంచే వదులుతుంది. దానికి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీలు. మన నల్లగొండలో మే నెలలో 44, 45. రేకు కింద ఇంకా ఎక్కువ. చచ్చినవి మనకు కనిపిస్తాయి. కనిపించని నష్టం మగవాటిలో ఉంటుంది. 30 డిగ్రీలు దాటి కొన్ని రోజులు గడిస్తే మగదాని వీర్యం పాడవుతుంది. దాటుతుంది, దింపుతుంది, అంతా మామూలుగానే కనిపిస్తుంది, కానీ ఆడది సూడి కట్టదు. చల్లబడ్డాక మళ్లీ కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే జూన్‌లో వాన పడ్డా ఆగస్టు దాకా నమ్మకం లేదు.

చేయగలిగినవి: రేకు మీద తాటాకు లేదా వరిగడ్డి అడుగు మందం పరిచి నీళ్లు చల్లడం. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పక్కల నుంచి ఎండ కొట్టదు. గోనె సంచులు తడిపి కడతారు, మంచిదే, కానీ గాలి ఆడకపోతే ఉక్కతో ఇంకా కీడు. అన్నిటికంటే సులువు, లీటరు సీసాల్లో నీళ్లు రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పగలు బోనుకు ఒకటి పెట్టడం. కుందేలు దానికి ఆనుకుని పడుకుంటుంది. అన్నిటికీ చాలకపోతే ముందు మగవాటికి, నిండు సూడివాటికి పెట్టండి.

జడ్చర్ల అక్క · జులై 12, రాత్రి 9:15

సార్ చెప్పినదాంట్లనే మన మార్కెట్ తిప్పలు గూడ ఉన్నది. చూడుండ్రి. కట్టించినంక నెల రోజులకు ఈనుతది. ఈనినంక వంద రోజులకు అమ్ముడు. కలిపి నాలుగు నెలల పది రోజులు. దసరాకు సరుకు కావాలంటె మే ఆఖర్ల, జూన్ మొదట్ల కట్టియ్యాలె. అప్పుడే మగయి పనికిరావు! మొదటి రెండేండ్లు నేను గిదే సమజ్ గాక, జూన్‌ల కట్టిచ్చి, సూడి అనుకొని గూళ్లు పెట్టి ఎదురుచూసిన. ఒక్కటి ఈనలే.

ఇప్పుడు దసరా ఆశ వదిలేసిన. ఆ రోజు ఎట్లాగు అందరు మటనే తింటరు. ఆగస్టు 15 జెండా ఎగిరినంక కట్టిస్త. సెప్టెంబర్ నడుమ ఈనుతయి, డిసెంబర్ ఆఖరుకు రెండు కిలోలు. 31 రాత్రికి, సంక్రాంతికి, ఫిబ్రవరిల జాతర్లకు. అప్పుడు అడిగిన ధరిస్తరు. తర్వాత నవంబర్‌ల, జనవరిల కట్టిస్త. మార్చి దాటితె బందు. 14వ రోజు పొట్ట పట్టి చూసుడు నేర్చుకున్న, లోపల గోలికాయల లెక్క దొరుకుతయి. దొరకకపోతె ఎంటనే మల్ల కట్టిస్త.

దిండి రైతుబిడ్డ · జులై 13, పొద్దున 5:50

అక్కా, మీకొక మాట అడగాలె. మావి ఈనినంక పిల్లల్ని బయట ఏస్తున్నయి. రెండు తల్లులు తిన్నయి గూడ. నాకు సూడబుద్ధి గాలే.

జడ్చర్ల అక్క · జులై 13, మధ్యాహ్నం 2:30

గూడు ఎన్నడు పెడుతున్నవ్? 27వ రోజుకల్ల చెక్క డబ్బ, అండ్ల ఎండుగడ్డి పెట్టాలె. అది తన పొట్ట మీది బొచ్చు పీకి పరుపు చేసుకుంటది. ఆలస్యమైతె జాలి మీదనే ఈనుతది. ఈనేటప్పుడు మస్తు దూప అయితది, గిన్నెల నీళ్లు లేకుంటె పిల్లల్ని కొరుకుతది. ఇంక ఆ టైంల కుక్క, పిల్లి, సుట్టాలు ఎవ్వర్ని షెడ్డుకు రానియ్యకు.

మొదటేడు నాకు గూడ అయింది. చలికాలం పొద్దుగాల లేచి చూస్తె జాలి మీద ఆరు పిల్లలు, ఎర్రగ, వేలంత. ఐదు కట్టెలైనయి. ఆరోది గూడ సల్లగనే ఉండె. పారేద్దామనుకొని, ఎందుకో కొంగుల సుట్టి పొయ్యి కాడ కూసున్న. పావుగంటకు నోరు తెర్సింది. దాన్ని ఇంకో తల్లి గూట్ల కలిపిన, పెంచింది.

ఇంకోటి, తల్లి రోజంత గూట్లకు పోకుంటె పాలిస్తలేదని పరేషాన్ గాకు. రోజుకు ఒక్కపారే, మూడు నాలుగు నిమిషాలు ఇస్తది. పొద్దున పిల్ల పొట్ట తిప్పి చూడు. గుండ్రంగ, తెల్లగ పాలు కనవడితె సాలు. సీసతోని ఆవు పాలు పోసి సంపకు.

పాలమూరు గాలం · జులై 13, రాత్రి 10:00

నిన్న జడ్చర్ల పోయిన, అక్క దగ్గర కిలో తెచ్చుకున్న. ఆమె చెప్పినట్లే వండినం. నా మాట వాపస్ తీసుకుంటున్న.

హైవే ధాబా · జులై 13, రాత్రి 10:12

ఏం చెప్పింది?

పాలమూరు గాలం · జులై 13, రాత్రి 10:30

ఇండ్ల కొవ్వు తక్కువ కాబట్టి కోడి లెక్క మంట పెంచి వేయిస్తె ఎండిపోతదంట. నూనె ఒక గరిటె ఎక్కువ, ఉప్పు, పసుపు, అల్లం ఎల్లిగడ్డ పట్టిచ్చి రెండు గంటలు ఉంచి, మూతవెట్టి సన్న మంట మీద దాని నీళ్లతోనే ఉడకాలె. ఆఖర్ల ఎండుకొబ్బరి, గసాల ముద్ద. ఆమె కూర కవర్‌ల ఒక చీటి గూడ పెడుతది, గివన్ని రాసి.

జడ్చర్ల అక్క · జులై 14, పొద్దున 6:00

ఆ చీటి పెట్టినప్పటి సంది మల్ల కొనేటోళ్లు పెరిగిండ్రు. అంతకు ముందు కొన్నోళ్లు ఎండిపోయిందని రెండోసారి రాకపోదురు. ఒకాయన నన్ను "కొలెస్ట్రాల్ లేని మాంసం" అని బోర్డు పెట్టుమన్నడు. కొవ్వు తక్కువున్నది నిజం, కొలెస్ట్రాల్ అసలే లేదన్నది అబద్ధం. డాక్టరమ్మలు కొంటరు నా దగ్గర, వాళ్ల ముందు అబద్ధం రాస్తనా.

దిండి రైతుబిడ్డ · ఆగస్టు 3, రాత్రి 9:20

అందరికి శనార్థులు. లెక్క చెప్తున్న.

మూడు ఆదివారాలు మా ఆమె, నేను దేవరకొండల మా బామ్మర్ది ఇంటి ముందట టేబుల్ ఏసుకొని కూసున్నం. మొదటి వారం నాలుగు. రెండో వారం తొమ్మిది, చీటి పెట్టినం. మూడో వారం పదకొండు. 24 పోయినయి, కిలో 450 లెక్కన. ధాబా అన్న ఎనిమిది తీసుకుండు, ముసలి మగయి నాలుగు మాత్రం వాపస్ పంపిండు (నవ్వకుండ్రి). పెంటికలు 30 సంచులు సైదాబాద్ పోయినయి. మగవాటిని మూడే ఉంచిన. శ్రావణం వడ్డది, ఇంక అమ్ముడు బందు.

చెంగిచెర్ల మాంస పరిశోధన సంస్థల ట్రైనింగ్ ఉంటదని డాక్టర్ సార్ ఫోన్ల చెప్పిండు, పేరు ఇచ్చిన. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం పోయి దశరథ గడ్డి విత్తనం గురించి అడిగొచ్చిన.

ఆడవాటిని 10కి తగ్గిద్దామనుకుంటున్న. ఆగస్టు 15 తర్వాత కట్టిస్త.

చిట్యాల కాకా · ఆగస్టు 3, రాత్రి 9:45

కొయ్యుడు ఎవరు చేసిండ్రు?

దిండి రైతుబిడ్డ · ఆగస్టు 3, రాత్రి 9:52

మొదటిది నా చేతులు వణికినయి కాకా. మా ఆమె కత్తి గుంజుకున్నది. తర్వాత అన్ని ఆమెనే.

కల్వకుర్తి పోరడు · ఆగస్టు 4, రాత్రి 12:40

అన్నా మీ దగ్గర ఎక్కువైన బోన్లు, ఆడయి అమ్ముతరా? నేను ఒక యూనిట్ పెడదామనుకుంటున్న.

దిండి రైతుబిడ్డ · ఆగస్టు 4, పొద్దున 5:30

ఇస్త తమ్మీ. ఏడు ఆడయి, ఒక్కటే మగది. నేను కొన్న ధరల సగానికి. గని శ్రావణం అయినంక ఒక ఆదివారం మా దగ్గరికి రా. ఐదింటికి రావాలె. కోసుడు, ముక్కలు కొట్టుడు, టేబుల్ కాడ అమ్ముడు అన్ని చూసి అప్పుడు బేరం మాట్లాడుదాం.

కల్వకుర్తి పోరడు · ఆగస్టు 4, పొద్దున 10:15

కొయ్యాల్నా అన్నా? మనం పెంచితె కంపెనోళ్లు వచ్చి తీస్కపోతరు కదా?

చిట్యాల కాకా · ఆగస్టు 4, పొద్దున 10:17

పోరగా, పైకి పోయి మొదటి మెసేజ్ నుంచి సదువుకుంట రా.